కర్రీ పాయింట్‌లో క్యాష్‌లెస్: 2016 నవంబర్ నుంచి వాడుతున్నదాన్ని చెబుతున్నా

మాది హైదరాబాద్ అశోక్‌నగర్లో కర్రీ పాయింట్. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, నాలుగడుగులేస్తే చిక్కడపల్లి లైబ్రరీ. గదిలో అన్నం వండుకుని కూర మా దగ్గర పట్టుకెళ్లే పిల్లలే మా గిరాకీ. ఫోన్ చెల్లింపుల గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది డబ్బు ఇచ్చేవాళ్లే. నేను తీసుకునేదాన్ని. పైగా ఇష్టపడి మొదలుపెట్టినదాన్ని కూడా కాదు.

2016 నవంబర్ 8, మంగళవారం. ఆ రాత్రి పన్నెండు దాటితే ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రధాని ఎనిమిదింటికి టీవీలో చెప్పారు. మాకది గిరాకీ వేళ. టీవీ ఇంట్లో ఉంది, మేం కొట్లో ఉన్నాం. ఎనిమిదిన్నరకు ఒక పిల్లాడు పప్పు, గుత్తి వంకాయ తీసుకుని ఐదొందల నోటు ఇచ్చాడు. 460 చిల్లర ఇచ్చా. వాడి వెనకవాడిదీ ఐదొందలే. మూడోవాడిది వెయ్యి. "ఏంది తమ్మీ, ఇయ్యాల అందరూ పెద్ద నోట్లే తెస్తున్నరు?" అని మా ఆయన అడిగితే ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. అప్పటికే గల్లాలో పదులూ ఇరవైలూ సగం ఖాళీ.

ఆ వారమే, 11న, 13న గ్రూప్-2 పరీక్ష. ఏడాదిగా చదువుతున్న పిల్లలు. సెంటర్ ఎక్కడో పడింది, చేతిలో వంద నోటు లేదు. బస్సు టికెట్లకు పాత నోటు చెల్లుతుందని ప్రభుత్వం అన్నది నిజమే, కండక్టర్ దగ్గర చిల్లర ఉండొద్దూ! ఏటీఎంలో రోజుకి రెండు వేలు, తర్వాత రెండున్నర వేలు. కొత్త గులాబీ రంగు రెండు వేల నోటు సైజు తేడా కాబట్టి మిషన్లలో ట్రేలు మార్చేదాకా అదీ దొరకలేదు. దొరికాక రెండు వేలకు ఒకే కాగితం వచ్చేది. దాంతో ఇరవై రూపాయల కూర ఎట్లా కొంటారు? "అక్కా, రాసుకో" అనేవాళ్లు. అంతకుముందు ఉద్దెర పుస్తకం అంటూ మాకు లేదు. ఆ నెలలో రెండు వందల పేజీల నోటుబుక్కు నిండింది. వసూలు గురించి అడగొద్దు. చాలామంది ఇచ్చారు, కొందరు గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయారు, అంతే.

రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయని ఆర్‌బీఐ 2018లో లెక్క చెప్పింది. ఆ రాత్రి నా గల్లాలో పడ్డ మూడూ అందులోనే ఉన్నాయి. మూడు గంటలు లైన్లో నిలబడి వేసొచ్చింది నేనే మరి.

నవంబర్ ఆఖర్లో టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి అద్దానికి వాలెట్ (ఫోన్‌లోనే డబ్బు ఉంచుకునే యాప్) స్టిక్కర్ అంటించి పోయాడు. మా క్యాష్‌లెస్ అట్లా మొదలైంది. అప్పటి అనుభవానికి మార్కులేమీ ఇవ్వలేను. డబ్బు వాలెట్‌లో కూర్చునేది. తెల్లారి నాలుగింటికి బోయినపల్లి మార్కెట్లో టమాటా అమ్మేవాడికి ఆ వాలెట్ లేదు. మెసేజ్ ఎప్పటికో వచ్చేది. పిల్లాడు ఫోన్ చూపించి "పోయిందక్కా" అనేవాడు. పోయింది సరే, వాడి దగ్గర్నుంచి పోయింది. నా దగ్గరికి రాలేదు. 2017 ఎండాకాలానికల్లా నోట్లు మామూలుగా ఆడాయి, ఎండకి స్టిక్కర్ వెలిసిపోయింది, మళ్లీ గల్లానే నిండింది. అందుకే, నోట్ల రద్దు మనకు ఫోన్ చెల్లింపులు నేర్పిందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మా కొట్లో అది మమ్మల్ని ఇబ్బంది పెట్టి వెళ్లిపోయింది. నేర్పింది తర్వాత మా కొట్లోకి వచ్చిన రెండు సంగతులు.

ఒకటి, యూపీఐ. ఏ యాప్‌తో కొట్టినా ఒకే స్టిక్కర్, డబ్బు నేరుగా బ్యాంకులోకి. 2020 జనవరి నుంచి దాని మీద వ్యాపారి దగ్గర కమిషన్ తీసుకోకూడదన్నారు. నలభై రూపాయల బేరం చేసేవాళ్లకు అదే ముఖ్యం. రెండోది మాట్లాడే డబ్బా, అంటే అకౌంట్లో డబ్బు పడగానే ఎంతో పైకి చెప్పేది. నెలకి వంద పైచిలుకు అద్దె కడుతున్నా, మనసులో గొణుక్కుంటూనే. కానీ అది లేకపోతే ఇప్పుడు కొట్టు నడపలేను.

ఎందుకంటే, ఎడమ చేత్తో కవరు తెరిచి పట్టుకుంటా, కుడి చేతిలో గరిటె. ఇదివరకు మధ్యలో నోటు అందుకోవాలి, చేయి తుడుచుకోవాలి, చిల్లర వెతకాలి. సాంబారు మరకలేని పది నోటు మా గల్లాలో ఉండేది కాదు. ఇప్పుడు కవరుకి దారం చుట్టేలోపు డబ్బా "డెబ్బై రూపాయలు" అని అరుస్తుంది, నేను తర్వాతివాడి వైపు తిరుగుతా. ఎనిమిదింటికి జనం గుమిగూడినప్పుడు ఆ తేడా చాలా పెద్దది.

ఇక చిల్లర. ఇందులో మాత్రం పదికి పది. పది రూపాయల బిళ్ల చెల్లుతుందని ఆర్‌బీఐ ఎన్నిసార్లు చెప్పినా హైదరాబాద్‌లో ఇస్తే "వద్దక్కా, నడవదు" అనేవాళ్లే ఎక్కువ. ఒక డబ్బాడు బిళ్లలు నా దగ్గర మిగిలిపోయాయి. ఫోన్ వచ్చాక ఆ తగువే లేదు. ఇంకోటి, నేనూ ఆలస్యంగా గమనించింది: ధర పెంచాలంటే అప్పట్లో ఇరవైని ఏకంగా ముప్పై చేయాల్సిందే, ఐదు రూపాయల చిల్లర ఎక్కడ తేను? ఇప్పుడు 35, 45 అని రాసి పెట్టగలను. నూనె ధర పెరిగినప్పుడు రెండు రూపాయలు కూడా పెంచి చూశా. ఎవరూ కిమ్మనలేదు.

2023 మే 19న రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నామన్నప్పుడు మా కొట్లో అసలు అలజడే లేదు. ఆ నోటు చూసి అప్పటికే చాలా రోజులైంది.

తిట్టాల్సింది ఉంది. పోయినేడు ఒక తెల్లవారుజామున మార్కెట్లో డబ్బు కొడితే పోవడం లేదు. బ్యాంకుకి వెళితే "మీ అకౌంట్లోకి సైబర్ మోసం డబ్బు వచ్చింది మేడమ్, హోల్డ్‌లో పెట్టాం" అన్నారు. ఎంత వచ్చింది? డెబ్బై రూపాయలు. వేరే రాష్ట్రంలో ఎవరో మోసపోయి సైబర్ మోసాల ఫోన్ నంబరు 1930కి ఫిర్యాదు చేశారట. ఆ డబ్బు చేతులు మారి మారి మా దగ్గర కూర కొన్నవాడి దాకా వచ్చిందట. ఆ డెబ్బై ఆపితే నాకేం అభ్యంతరం లేదు. లోపలున్న 61 వేలూ ఆపేశారు. దొండకాయ వేపుడు అమ్మేదాన్ని, కొనేవాడి డబ్బు ఎక్కడిదని అడగాలా? కొట్టు ఫోటో, లైసెన్సు కాపీ, ఉత్తరం పెట్టి ఆ ఊరి పోలీసులకు మెయిల్ చేశాం. తీయడానికి 23 రోజులు పట్టింది. అన్నాళ్లూ కూరగాయలు తెచ్చింది మా అత్తమ్మ చిట్టీ డబ్బుతో. అప్పట్నుంచి స్టిక్కర్‌కి వేరే అకౌంట్ పెట్టి, ఏ రోజుది ఆ రోజు రాత్రే రెండోదానికి మార్చేస్తున్నా. కొట్టు పెట్టేవాళ్లెవరైనా ముందు ఈ పని చేయండి. ఉత్తుత్తి స్క్రీన్ చూపించి పోయేవాళ్లు కూడా ఉన్నారు, డబ్బా పలికేదాకా కవరు చేతికివ్వకండి.

అత్తమ్మకు బోణీ మాత్రం నోటే కావాలి, కళ్లకద్దుకోవాలి కదా. ఫోన్‌తో వచ్చిన మొదటి పిల్లాణ్ణి "పది రూపాయలైనా లేవా నాయనా" అని జేబులు వెతికిస్తుంది.

నగదు నాక్కూడా కావాలి, కారణం వేరు. కూరగాయలు తరగడానికి ఇద్దరు వస్తారు. రోజుకూలీ ఫోన్లో కొడతానంటే ఒకామె వెంటనే "వద్దక్కా, ఫోను మా ఆయన దగ్గరుంటది" అంది. ఆ ఫోన్లో పడితే ఆమె కూలీ ఆమెది కాదు. రెండో ఆమె ఏమీ అనలేదు, చేయి చాపి నిలబడింది. ఇద్దరికీ రోజూ రాత్రి నోట్లే ఇస్తున్నా. గల్లాలో మాత్రం నోట్లు పడటం లేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా నగదు ఇస్తే వాడి కవర్లో ఇంకో అర గరిటె పడుతోంది.