బీబీసీ వార్తలు: టోరీ పార్టీలో ముస్లిం వ్యతిరేకత మీద కవరేజీకి నేనిచ్చేది 5కి 3

యూకేలో ఉన్న మనవాళ్ళకి టీవీ లైసెన్సు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, లైవ్ టీవీ చూసినా బీబీసీ వాళ్ళ ఆన్‌లైన్ సర్వీసు ఐప్లేయర్‌లో చూసినా కట్టాల్సిందే, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. ఇండియా నుంచి చదివేవాళ్ళకి చెప్పాలంటే, మన తాతలు పోస్టాఫీసుకెళ్ళి రేడియో లైసెన్సు కట్టేవాళ్ళు చూడండి, అదే పద్ధతి, మన దగ్గర అది ఎప్పుడో పోయింది, ఇక్కడ ఇంకా నడుస్తోంది. ఇంత కడుతున్నాం కాబట్టి సరుకు ఎలా ఉందో చెప్పే హక్కు కూడా ఉంటుంది కదా. బీబీసీ మొత్తానికి రివ్యూ అంటే ఎప్పటికీ తెమలదు, అందుకే ఒక్క ఐటమ్ తీసుకుంటున్నా: కన్జర్వేటివ్ పార్టీలో (టోరీలన్నా వీళ్ళే) ముస్లింలంటే చిన్నచూపు ఉందన్న ఆరోపణని వీళ్ళు ఎలా కవర్ చేశారు అని. మన వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద రెండే మాటలు వినిపిస్తాయి, బీబీసీ టోరీలకి భజన చేస్తుందని ఒకళ్ళు, బీబీసీ అంతా లెఫ్ట్ వాళ్ళే, ముస్లింల పక్షమే అని ఇంకొకళ్ళు. ఇద్దరూ అసలు చూసి మాట్లాడుతున్నారా అని నా డౌటు.

ఇది మనకెందుకు అనేవాళ్ళకి 2016 గుర్తు చేస్తా. లండన్ మేయర్ ఎలక్షన్‌లో టోరీల ప్రధాన ప్రత్యర్థి లేబర్ పార్టీ నుంచి సాదిక్ ఖాన్, టోరీల నుంచి జాక్ గోల్డ్‌స్మిత్. అప్పుడు గోల్డ్‌స్మిత్ క్యాంపెయిన్ నుంచి ఇండియన్ మూలాలున్న ఇళ్ళకి ప్రత్యేకంగా లెటర్లు వచ్చాయి, లేబర్ వస్తే మీ ఇంట్లో నగల మీద పన్ను పడుతుంది అనే అర్థంలో. మనవాళ్ళని ఎక్కడ గిచ్చితే కదులుతారో బాగానే కనుక్కున్నారు, బంగారం! పేర్లు చూసి ఎవరు హిందువు ఎవరు సిక్కు ఎవరు తమిళం అని లెక్కేసి పంపారని అప్పట్లో గొడవ కూడా అయింది. పోలింగ్‌కి ముందు ఆదివారం మెయిల్ ఆన్ సండేలో గోల్డ్‌స్మిత్ పేరుతో వచ్చిన వ్యాసానికి 2005 జులై 7న ఇస్లామిస్టు తీవ్రవాదులు చేసిన దాడుల్లో పేలిపోయిన లండన్ బస్సు ఫోటో పెట్టారు. ఒక ముస్లిం కాండిడేట్ మీద రాసిన వ్యాసానికి ఆ ఫోటో ఎందుకో ఎవరికైనా అర్థమవుతుంది. టోరీ పార్టీకి ఒకప్పుడు కో చైర్మన్‌గా చేసిన సయీదా వార్సీ కూడా ఆ క్యాంపెయిన్‌ని బాహాటంగానే తప్పుపట్టింది. ఖాన్ గెలిచాడు. బీబీసీ చూపించిందా అంటే చూపించింది, కానీ నేను చూసిందంతా "వీళ్ళు ఇలా అంటున్నారు, వాళ్ళు కాదంటున్నారు" అనే వరసలోనే. ఆ లెటర్లు ఎవరు రాశారు, ఏ లిస్టు కొన్నారు, ఎవరు ఓకే చేశారు అనేది తవ్వితే మన ఇళ్ళకి వచ్చిన కాగితాల కథ మనకే తెలిసేది.

ఇదే నా మెయిన్ కంప్లయింటు, మిగతాదంతా దీని చుట్టూనే. కవరేజీ తక్కువ అనను. ఎవరో ఏదో అంటారు, రెండ్రోజులు స్టూడియోలో గోల, క్షమాపణ చెప్తాడా చెప్పడా, మూడో రోజు వేరే వార్త. ఆ పార్టీలో కంప్లయింట్ పెడితే అది ఎవరి టేబుల్ మీదకి వెళ్తుంది, ఎంతమందిని సస్పెండ్ చేశారు, వాళ్ళలో ఎంతమంది చడీచప్పుడు లేకుండా తిరిగొచ్చారు, ఈ బోరింగ్ పని చేసినవాళ్ళు తక్కువ. 2019 మార్చిలో గార్డియన్ పేపర్ ఆ పని చేసింది, ముస్లిం వ్యతిరేక పోస్టులకీ జాత్యహంకార పోస్టులకీ సస్పెండ్ అయిన కౌన్సిలర్లలో 15 మందిని మెల్లగా మళ్ళీ లోపలికి తీసుకున్నారని బయటపెట్టింది. ఆ స్టోరీకి ముందు చాలావరకు సమాచారం పోగేసింది ట్విట్టర్‌లో పేరు చెప్పని ఒక అకౌంటు, స్క్రీన్‌షాట్లు తీసి తీసి. లైసెన్సు ఫీజుతో నడిచే అంత పెద్ద న్యూస్‌రూమ్ ఉండి ఆ పని ఊరూపేరూ లేని అకౌంటుకి వదిలేయడం ఏంటి?

బుర్ఖా గొడవ తీసుకోండి. 2018 ఆగస్టులో బోరిస్ జాన్సన్ టెలిగ్రాఫ్ కాలమ్‌లో బుర్ఖా వేసుకున్నవాళ్ళని పోస్టు డబ్బాలతోటీ బ్యాంకు దొంగలతోటీ పోల్చాడు. వారాల తరబడి అదే వార్త. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఆ కాలమ్ అసలు డెన్మార్క్ పెట్టిన బ్యాన్‌ని వ్యతిరేకిస్తూ రాసింది, ఆడవాళ్ళు ఏం వేసుకోవాలో ప్రభుత్వం చెప్పకూడదు అనేదే దాని వాదన, ఈ ముక్క చాలా రిపోర్టుల్లో ఏ పదో లైన్‌లోనో ఉండేది. అలాగని ఆ మాటలకి ఫలితం లేకుండా పోలేదు, ముస్లింల మీద దాడుల్ని లెక్కపెట్టే టెల్ మామా అనే సంస్థ ఆ కాలమ్ వచ్చిన తర్వాతి వారంలో ఘటనలు 8 నుంచి 38కి పెరిగాయని ఏడాది తర్వాత రిపోర్టిచ్చింది. అంతకు రెండు నెలల ముందే, 2018 మే చివర్లో, ముస్లిం కౌన్సిల్ ఆఫ్ బ్రిటన్ పార్టీ చైర్మన్‌కి లెటర్ రాసింది, స్వతంత్ర విచారణ పెట్టండి అని. ఆ లెటర్‌కి దొరికిన టైమ్ ఎంత, పోస్టు డబ్బా జోకు మీద జరిగిన చర్చకి దొరికిన టైమ్ ఎంత? జోకు మీద అయితే ఎవరైనా మాట్లాడొచ్చు, హోంవర్క్ అక్కర్లేదు కదా.

ఇప్పుడు మెచ్చుకోవాల్సింది. 2019 జూన్ 18న టోరీ లీడర్‌షిప్ పోటీలో మిగిలిన ఐదుగురిని బీబీసీ వాళ్ళు స్టూల్స్ మీద కూర్చోబెట్టి డిబేట్ పెట్టారు, ఎమిలీ మైట్లిస్ యాంకర్. బ్రిస్టల్ నుంచి ఒక ఇమామ్ వీడియోలో అడిగాడు, మీ మాటల వల్ల మా మీద ఏం ప్రభావం పడుతుందో తెలుసా అనే అర్థంలో. ఒక్కొక్కళ్ళూ తలో మంచిమాట చెప్పి తప్పించుకుంటుంటే పోటీలో ఉన్న సాజిద్ జావిద్ మధ్యలో దూరి, పార్టీలో ఇస్లామోఫోబియా (ముస్లిం వ్యతిరేకత) మీద బయటి విచారణకి మీరందరూ ఒప్పుకుంటారా అని అక్కడికక్కడే అడిగేశాడు, అందరూ తలూపేశారు, జాన్సన్‌తో సహా. లైవ్‌లో జరిగింది కాబట్టి వెనక్కి తీసుకోవడానికి కుదర్లేదు. లెటర్లు రాసినా కదలని పార్టీ ఒక టీవీ ప్రోగ్రాంలో కదిలింది, దీనికి మాత్రం బీబీసీకి ఫుల్ మార్కులు.

కానీ తెల్లారేసరికి వార్త మారిపోయింది. ఆ ఇమామ్ పాత ట్వీట్లు బయటికొచ్చాయి, ఇజ్రాయెల్ మీదా ఇంకా కొన్ని విషయాల మీదా, వాటిలో కొన్ని నిజంగానే వెగటుగా ఉన్నాయి, బీబీసీ కూడా ముందే తెలిస్తే ఆయన్ని తీసుకునేవాళ్ళం కాదు అని చెప్పేసింది. చెక్ చేయకపోవడం వాళ్ళ తప్పే, అది వార్తే, రాయాల్సిందే. అయితే ప్రధాని అవ్వబోయేవాడు లైవ్‌లో ఇచ్చిన మాట ఏమైంది అనేది దానికంటే పెద్ద వార్త కదా, అది కిందకి జారిపోయింది. అడిగినవాడు మంచోడు కాకపోతే ప్రశ్న కూడా చెల్లదా? ఇస్తానన్న విచారణ కాస్తా తర్వాత "అన్ని రకాల వివక్ష" మీద విచారణ అయిపోయింది, 2019 డిసెంబర్‌లో వార్విక్ యూనివర్సిటీ సైకియాట్రీ ప్రొఫెసర్ స్వరణ్ సింగ్‌కి అప్పజెప్పారు. ఈ జారుడు జరుగుతున్నప్పుడే రోజూ అడగాల్సింది.

ఇక లేబర్‌తో పోలిక, గ్రూపుల్లో అసలు కొట్లాట ఇక్కడే. 2019 జులైలో బీబీసీ పరిశోధనా కార్యక్రమం పనోరమ లేబర్ పార్టీలో యూదు వ్యతిరేకత మీద ఒక ఎపిసోడ్ మొత్తం చేసింది. అదే ఏడాది నవంబర్‌లో బీబీసీ ఇంటర్వ్యూయర్ ఆండ్రూ నీల్, లేబర్ లీడర్ కోర్బిన్‌ని యూదులకి క్షమాపణ చెప్తారా అని నాలుగుసార్లు అడిగాడు, ఆయన చెప్పలేదు. జాన్సన్ అయితే ఆ ఎలక్షన్ క్యాంపెయిన్‌లో నీల్ ముందు కూర్చోనే లేదు. అప్పుడు చాలామంది అడిగారు, టోరీల మీద ఆ స్థాయి పనోరమ ఏదీ అని. నేనూ అడిగినవాణ్ణే. కానీ నిమిషాలు కొలిచి ఇద్దరికీ సమానం చేయడం న్యాయం అనుకుంటే తప్పు. లేబర్ కథలో లోపల కంప్లయింట్లు చూసిన ఉద్యోగులే కెమెరా ముందుకొచ్చి మాట్లాడారు, వాళ్ళని పార్టీ తిట్టిపోసి 2020 జులైలో కోర్టులో సారీ చెప్పి డబ్బు కూడా కట్టింది. వివక్ష చట్టాలు అమలవుతున్నాయో లేదో చూసే సమానత్వ కమిషన్ చట్టప్రకారం విచారణ చేసి 2020 అక్టోబర్‌లో లేబర్ చట్టం తప్పిందని తేల్చింది. అంత సాక్ష్యం చేతిలో ఉంటే అంత కవరేజీ రావడంలో వింతేం లేదు, దాన్ని కుట్ర అనేవాళ్ళతో నాకు పడదు. టోరీల విషయంలో అదే కమిషన్ 2020 మేలో, పార్టీ తన విచారణ తను చేసుకుంటోంది కదా అని పక్కకి తప్పుకుంది, ముస్లిం కౌన్సిల్ దాదాపు 300 ఆరోపణలతో ఫైలు ఇచ్చాక కూడా. అంటే చట్టం చూడనంది, లేబర్‌లోలా కంప్లయింట్లు చూసిన ఉద్యోగులు కెమెరా ముందుకి రావడం నేను చూళ్ళేదు, అలాంటప్పుడే జర్నలిస్టు అవసరం ఎక్కువ. తలుపు తెరిచిన ఇంట్లోకి ఎవరైనా వెళ్తారు.

సింగ్ రిపోర్టు 2021 మే 25న వచ్చింది. 2015 నుంచి 2020 వరకు పార్టీకి 727 ఘటనల మీద 1,418 కంప్లయింట్లు, వాటిలో మూడింట రెండొంతులు ముస్లింలకి సంబంధించినవే. సంస్థాగత జాత్యహంకారం ఉందనడానికి ఆధారం దొరకలేదు అంది, ముస్లిం వ్యతిరేక భావన సమస్యగానే ఉంది అని కూడా అంది, జాన్సన్ కాలమ్ గురించీ గోల్డ్‌స్మిత్ క్యాంపెయిన్ గురించీ ప్రస్తావిస్తూ ముస్లింల పట్ల పార్టీకి పట్టింపు లేదన్న అభిప్రాయం కలిగింది అంది. బీబీసీ వెబ్‌సైట్ దీన్ని బాగానే రాసింది, రెండు ముక్కలూ పెట్టింది, ఇది నిజం. మన గ్రూపుల్లో మాత్రం ఒకళ్ళు మొదటి ముక్క కట్ చేసి, ఇంకొకళ్ళు రెండో ముక్క కట్ చేసి ఫార్వర్డ్ చేసుకున్నారు, దానికి బీబీసీ ఏం చేస్తుంది పాపం.

ఇంకో చికాకు, ఈ టాపిక్ అంటే చాలు వార్సీకి ఫోన్. ఆవిడ బాగా మాట్లాడుతుంది, కాదనను, ముస్లింల మీద చిన్నచూపు మర్యాదస్తుల డిన్నర్ టేబుల్ దగ్గర కూడా చెల్లుబాటవుతోంది అని 2011లోనే లెస్టర్‌లో చెప్పింది, 2024లో పార్టీ విప్ కూడా (అంటే పార్లమెంటులో ఆ పార్టీ సభ్యురాలిగా ఉండటం) వదిలేసింది. కానీ పార్టీలో ఉన్న మామూలు ముస్లిం కౌన్సిలర్లు, అంతా బాగానే ఉంది అనేవాళ్ళు కూడా, వాళ్ళ గొంతు ఎంత విన్నాం? 2022 జనవరిలో టోరీ ఎంపీ నుస్రత్ ఘనీ, మంత్రి పదవి పోవడానికి నా మతం కూడా ఒక కారణమని చెప్పారు అని బయటపెట్టినప్పుడూ అంతే, చీఫ్ విప్ కాదన్నాడు, రెండ్రోజుల హోరు. 2023 ఏప్రిల్‌లో దాన్ని విచారించిన ప్రధాని నైతిక సలహాదారు లారీ మాగ్నస్ ఏదీ తేల్చలేకపోతున్నా అని రాసినప్పుడు ఎంతమంది గమనించారు?

పోటీ సరుకుతో పోలిస్తే మాత్రం బీబీసీ మీద గౌరవం పెరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో టోరీ నాయకుడు లీ ఆండర్సన్, సాదిక్ ఖాన్‌ని ఇస్లామిస్టులు గుప్పిట్లో పెట్టుకున్నారు అనే మాట అన్నది జీబీ న్యూస్‌లో, ఆ ఛానెల్ అప్పట్లో ఆయనకి ఏడాదికి లక్ష పౌండ్లు ఇచ్చేది, ఆయన అదే టైమ్‌లో ఎంపీ, అంతకు ముందు నెల దాకా పార్టీ డిప్యూటీ చైర్మన్! సారీ చెప్పనన్నాడు, విప్ పోయింది, మార్చిలో రిఫార్మ్ పార్టీలో చేరాడు. వార్త పుట్టించేదీ చదివేదీ ఒకే కంపెనీ అయితే ఇంక రివ్యూ ఏం రాస్తాం. పేపర్ల సంగతి ఇంకా దారుణం, చాలా పేపర్లని చూసే ఇప్సో అనే రెగ్యులేటర్ రూల్ ప్రకారం వివక్ష క్లాజు ఫలానా ఒక వ్యక్తిని తిడితేనే పనిచేస్తుంది, మతం మొత్తాన్ని తిడితే ఆ క్లాజు కింద కంప్లయింటే నిలబడదు.

కొనాలా వద్దా అంటే, లైవ్ చూసేవాళ్ళకి ఎలాగూ తప్పదు. ఈ టాపిక్ వరకైతే సాయంత్రం బులెటిన్ కంటే వెబ్‌సైట్ మేలు, పక్కన గార్డియన్, ఛానెల్ 4 న్యూస్ పెట్టుకోండి, సింగ్ రిపోర్టు ఓపికుంటే నేరుగా చదవండి. ఏదైనా ప్రోగ్రాం ఏకపక్షంగా ఉందనిపిస్తే గ్రూపులో తిట్టుకోవడం కాదు, బీబీసీ కంప్లయింట్ ఫారం నింపండి, ప్రసారమైన 30 వర్కింగ్ డేస్ లోపు పెట్టాలి, ప్రోగ్రాం పేరు, తేదీ, ఎన్ని నిమిషాల దగ్గర ఏమన్నారో రాయాలి. మొదటి జవాబు మర్యాదగా, పొడిపొడిగా ఉంటుంది, అక్కడ ఆగకండి, మళ్ళీ రాస్తే రెండో జవాబొస్తుంది, దాని తర్వాత ఎగ్జిక్యూటివ్ కంప్లయింట్స్ యూనిట్, అదీ కాకపోతే ప్రసారాల రెగ్యులేటర్ ఆఫ్‌కామ్. ఆఫ్‌కామ్‌కి డైరెక్టుగా పంపితే ముందు బీబీసీకే వెళ్ళమంటారు, టైమ్ వేస్టు.