ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్ష: తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

ఖర్చు: తేడా లేదు. కేంద్ర నిబంధనల ప్రకారం ఒక్కో రకం వాహనానికి లెర్నర్ లైసెన్సు ఫీజు రూ.150, పరీక్షకు రూ.50, సర్వీసు చార్జీలు అదనం. ఏ భాషైనా 60 శాతం సరైన జవాబులు రావాలి.

శ్రమ: తెలుగులో ప్రశ్న త్వరగా అర్థమవుతుంది, కానీ అది పుస్తకాల తెలుగు. పాదచారులు, కూడలి లాంటి మాటలు ముందే చూసుకోండి.

రిస్కు: ఇంగ్లీషు ప్రశ్నలో ‘నాట్’ కంటికి ఆనకపోతే జవాబు తిరగబడుతుంది. ఇంగ్లీషు యాప్‌లో ప్రాక్టీసు చేసి తెలుగులో రాసినా బోల్తాపడవచ్చు. గుర్తులకు భాషతో పనిలేదు: ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక, ఎర్ర అంచు వృత్తం ఆంక్ష.

ఎవరికేది: తెలుగు మీడియంవారికీ, ఇంట్లో పెద్దవాళ్లకూ తెలుగే. తెలుగు కూడబలుక్కుని చదివే నగరం పిల్లలకు ఇంగ్లీషు.