రివ్యూ: నెబ్రాస్కాలో కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ (2018–22), ఉంచుకోవాల్సినదానికంటే ఏడాది ఎక్కువ

సేవ: యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్. ఒప్పందం: 7 ఏళ్లు, 35 మిలియన్ డాలర్లు. పనిచేసింది: నాలుగు సీజన్లు, ఐదో సీజన్‌లో మూడు ఆటలు. ఫలితం: 16 గెలుపులు, 31 ఓటములు. రేటింగ్: కోచ్‌కి 5కి 1.5. ఆయన్ని ఉంచుకున్న పద్ధతికి 1, అదీ మొహమాటానికి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికా ఆట. నెబ్రాస్కా యూనివర్సిటీ ఉన్న లింకన్‌కి ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన మనవాళ్లు ఆ రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ ప్రభుత్వ జీతం ఈ జట్టు కోచ్‌దేనని తెలిసి నోరెళ్లబెడతారు. ఆ డబ్బు వాళ్ల ట్యూషన్ ఫీజుది కాదు లెండి. టికెట్లు, టీవీ హక్కులు, దాతల మీద నడిచే అథ్లెటిక్ విభాగానిది.

తీసుకోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు. 1997లో నెబ్రాస్కా చాంపియన్ అయినప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపే ఆటగాడు, ఫ్రాస్టే. కోచ్‌గా 2017లో సెంట్రల్ ఫ్లోరిడాని 13-0తో (13 గెలుపులు, ఓటమి లేదు) నడిపాడు. అంతకంటే మంచి బయోడేటా ఆ ఏడాది ఎవరి దగ్గరా లేదు.

నెబ్రాస్కాలో మాత్రం వరసగా 4-8, 5-7, కోవిడ్ ఏడాది 3-5, ఆపైన 3-9. పన్నెండు ఆటల్లో ఆరు గెలిస్తే బౌల్ ఆటకి, అంటే సీజన్ చివర ఆడే అదనపు ఆటకి, అర్హత వస్తుంది. ఆ ఆరు ఒక్కసారీ రాలేదు. అయినా 2019 నవంబరులో, రెండో సీజన్ 4-5 మీద ఉండగానే, ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించారు. ఇలాంటి పొడిగింపుకి ఎప్పుడూ చెప్పే కారణం ఒకటుంది: హైస్కూల్ కుర్రాళ్లు చేరే ముందు ‘నాలుగేళ్లూ ఈ కోచ్ ఉంటాడా’ అని అడుగుతారు, ప్రత్యర్థి కోచ్‌లు కూడా వాళ్ల చెవిలో అదే ఊదుతారు. నిజమే. కానీ పొడిగించిన ప్రతి ఏడాదీ బైఅవుట్‌లో, అంటే గడువుకి ముందే పంపించేస్తే కట్టాల్సిన సొమ్ములో, కలుస్తుంది. గెలుపులు లేని కోచ్‌కి కాగితం మీద ఏళ్లు పెంచితే చేరే కుర్రాళ్లేమీ మారరు, తీసేయడం మాత్రం బరువవుతుంది.

2021 సీజన్‌ని దగ్గరగా చూడాలి. తొమ్మిది ఓటముల్లో ఒక్కటీ పది పాయింట్ల తేడాతో పోలేదు. అన్నీ కలిపితే లోటు 56 పాయింట్లు. గెలిచిన మూడింట్లో మిగులు 119. అంటే 3-9 జట్టు సీజన్ మొత్తం మీద ప్రత్యర్థులకంటే 63 పాయింట్లు ఎక్కువ చేసింది! ‘అదృష్టం లేదు, ఇంకో ఏడాది ఇవ్వండి’ అన్నవాళ్ల వాదన ఇదే.

ఓటమి ఎక్కడ మొదలైందో చూస్తే ఆ వాదన నిలవదు. ఓక్లహామాతో ఆటలో టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) తర్వాత కొట్టే ఒక్క పాయింటు కిక్ అడ్డుకుని, అవతలివాళ్లు దాన్నే రెండు పాయింట్లుగా మార్చుకున్నారు. మిషిగన్ స్టేట్ మీద గెలుపు చేతిలో ఉండగా పంట్, అంటే బంతిని ప్రత్యర్థికి వదిలేస్తూ దూరంగా తన్నే కిక్, అనుకున్న వైపు కాకుండా రెండో వైపు పడింది. బంతి అందుకున్నవాణ్ణి ఆపాల్సినవాళ్లంతా ఒక పక్క, బంతి ఇంకో పక్క. అది అవతలివాళ్లకి 62 గజాల టచ్‌డౌన్ అయింది. అయోవాతో 21-6 ఆధిక్యంలో ఉండి, ఒక పంట్ బ్లాక్ అయ్యాక 28-21తో ఓడిపోయారు. మూడూ స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగే ఆటగాళ్లు) తప్పులే, అంటే వారం మధ్యలో ప్రాక్టీసులో సరిదిద్దాల్సినవి. ఫ్రాస్ట్ హయాం మొత్తంలో ఎనిమిది పాయింట్లలోపు తేడాతో తేలిన ఆటల్లో లెక్క 5-22. నాలుగైదు ఆటలైతే దురదృష్టం అనొచ్చు, 27 ఆటల్లో ఇలా జరిగితే అది కోచింగ్.

ఇది తెలిసి కూడా 2021 నవంబరులో ఉంచుకున్నారు. జీతం 5 మిలియన్ల నుంచి 4కి దించారు. బైఅవుట్ 20 మిలియన్ల నుంచి 15కి తగ్గించి, 2022 అక్టోబరు 1 దాటితే 7.5 అని రాసుకున్నారు. అఫెన్స్ (దాడి విభాగం) చూసే నలుగురు అసిస్టెంట్ కోచ్‌లను సాగనంపారు. బేరం బాగానే ఆడారు, అసలు వైద్యం మాత్రం వేరే చోటికి చేశారు. డబ్లిన్‌లో జరిగిన 2022 తొలి ఆటలో అది బయటపడింది: నార్త్‌వెస్టర్న్ మీద 28-17 ఆధిక్యం, మూడో క్వార్టర్, ఎవరూ అడగని ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దక్కాలని దగ్గరగా కొట్టేది). బంతి అవతలివాళ్లకి సగం మైదానంలోనే దొరికింది. చివరికి 31-28తో ఓటమి. మరో రెండు వారాలకు సొంత మైదానంలో జార్జియా సదరన్ మొత్తం 642 గజాలు సాధించి 45-42తో గెలిచింది. మర్నాడే, సెప్టెంబరు 11న, ఫ్రాస్ట్‌ని తీసేశారు. ఇంకో ఇరవై రోజులు ఆగితే 7.5 మిలియన్లు మిగిలేవి. తాత్కాలిక కోచ్ కింద మిగతా తొమ్మిది ఆటల్లో 3-6. ఆ తొందరకి దక్కింది అంతే.

మరి ఎన్నాళ్లు ఆగాలి? ఆగమనేవాళ్లు ఇద్దరి పేర్లు చెబుతారు. వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ ఆరో ఏట, 1992లో, 2-8-1 (చివరిది డ్రా). ఉంచుకున్నారు, 1999 సీజన్‌లో జాతీయ ఫైనల్ ఆడాడు. అయోవాలో కర్క్ ఫెరెంట్జ్ 1-10, 3-9తో మొదలుపెట్టి 2002లో 11-2 చేశాడు. కానీ అప్పట్లో హైస్కూల్ నుంచి తెచ్చిన కుర్రాడు ముదరడానికి మూడేళ్లు పట్టేది. ఇప్పుడు ఆటగాళ్లు జట్టు మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది. 2023లో 3-9 అయిన ఇండియానాకి కర్ట్ సిగ్నెట్టి వచ్చాడు, పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంట తెచ్చుకుని 2024 రెగ్యులర్ సీజన్‌లో 11-1 చేశాడు. ఈ రోజుల్లో ఐదేళ్ల ఓపిక అడిగే కోచ్ పాత క్యాలెండర్ చూస్తున్నట్టే.

మా లెక్క మూడు పూర్తి సీజన్లు. నిర్ణయం మూడో ఏడాది చివరి ఆట అయిన మర్నాడు. డిసెంబరు మొదట్లోనే హైస్కూల్ కుర్రాళ్ల సైనింగ్ (చేరతామని సంతకం చేయడం) ఉంటుంది కాబట్టి అంతకంటే ఆలస్యం చేస్తే కొత్త కోచ్ ఖాళీ చేతులతో మొదలుపెడతాడు. సెప్టెంబరులో పీకేస్తే ఇంకో చిక్కు: నాలుగు ఆటల వరకే ఆడినవాళ్లకి కాలేజీలో ఆడే అర్హతలోంచి ఆ ఏడాది ఖర్చు కాదు, కాబట్టి మంచి ఆటగాళ్లు కొందరు అక్కడితో ఆపేసి వేరే యూనివర్సిటీ చూసుకోవచ్చు. ఫ్రాస్ట్ విషయంలో కోవిడ్ ఏడాదిని లెక్కలోంచి తీసేసినా 2021 నవంబరుతో గడువు అయిపోయింది.

ఒప్పందం రాసేటప్పుడు చూసుకోవాల్సిన వాక్యం ఇంకోటుంది: తీసేసిన కోచ్‌కి కొత్త ఉద్యోగం దొరికితే ఆ జీతం బైఅవుట్‌లోంచి తగ్గుతుందా లేదా. టెక్సస్ ఎ అండ్ ఎం అది రాసుకోలేదు. 2023లో జింబో ఫిషర్‌ని పంపడానికి సుమారు 76 మిలియన్లు ఒప్పుకోవాల్సి వచ్చింది, ఆయన ఇంకెక్కడ పనిచేసినా అందులో పైసా తగ్గదు. పెన్ స్టేట్ రాసుకుంది. 2025లో జేమ్స్ ఫ్రాంక్లిన్‌కి దాదాపు 49 మిలియన్లు బాకీ పడి, ఆయన వర్జీనియా టెక్‌కి వెళ్లడంతో 9 మిలియన్లకు తెగింది.

నెబ్రాస్కా తర్వాత మ్యాట్ రూల్‌ని తెచ్చుకుంది. 5-7, ఆ తర్వాత 7-6, 2016 తర్వాత తొలి బౌల్ ఆట. ఇది మెరుగే. మూడో సీజన్ 6-2 మీద ఉండగా, 2025 అక్టోబరులో, ఒప్పందాన్ని 2032 దాకా పొడిగించారు. అప్పటికి రెగ్యులర్ సీజన్‌లో ఇంకా నాలుగు ఆటలు మిగిలే ఉన్నాయి, మూడో సీజన్ పూర్తి కాలేదు.