ఖరీదైన క్యూ చాక్: స్పిన్ కోసమైతే డబ్బు దండగ

పూల్ ఆడేవాళ్లు నలుగురు చేరిన చోట ఎప్పుడో ఒకప్పుడు ఈ వాదన రావాల్సిందే: క్యూ (బంతిని కొట్టే కర్ర) కొసకు రాసే చాక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా? మామూలు నీలం చాక్ డజను ముక్కల డబ్బా ఒకటి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది, ఖర్చు కూడా పెద్దగా తెలియదు. పేరున్న ప్రీమియం చాక్ అయితే ఒక్క ముక్కకే అలాంటి డబ్బాలు కొన్ని వచ్చేంత డబ్బు పెట్టాలి. ఒక్క ముక్కకు! అది కూడా ఏ బల్ల అంచు మీదో మర్చిపోయి వచ్చేసే వస్తువు. రెండు రకాలూ చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి నాకు తేలింది ముందే చెప్పేస్తాను. కొంటే కొనండి, కానీ స్పిన్ పెరుగుతుందని మాత్రం కొనకండి. దానివల్ల వచ్చే లాభం వేరే చోట ఉంది, అది అందరికీ అవసరమైనదీ కాదు.

ప్యాకెట్ల మీద రాసే మాటలు చదివితే చాక్ అంటే ఏదో మంత్రం అనిపిస్తుంది. అది చేసే పని నిజానికి చాలా చిన్నది. క్యూ చివరి తోలు టిప్ ఆ నున్నటి రెసిన్ బంతికి తగిలి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. బంతిని నడిమధ్యలో కొడితే చాక్ లేకపోయినా గొడవ లేదు. పక్కకో కిందకో కొట్టినప్పుడే ఆ రెప్పపాటు కూడా లేని సమయంలో టిప్‌కి పట్టు దొరకాలి, దొరక్కపోతే అరిగిన చెప్పు తడి నేల మీద జారినట్టు జారుతుంది, టక్కుమని ఒక పాడు శబ్దం వస్తుంది, మనం కొట్టిన తెల్ల బంతి దాని దారి అది చూసుకుంటుంది. అదే మిస్‌క్యూ. ఆ జారుడును ఆపే గరుకు పొడి చాక్, అంతే.

పేరుకు చాక్ అంటాం గానీ ఇందులో బడి సుద్ద లేదు. సిలికా, దానికి తోడు అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గట్టి పొడి, ఇవన్నీ ముద్దగా పట్టి ఉంచే బైండర్, కాస్త రంగు. ఈ మిశ్రమానికి 1897లో అమెరికాలో పేటెంట్ వచ్చింది, తీసుకున్నది విలియం స్పింక్స్ అనే బిలియర్డ్స్ ఆటగాడు, విలియం హాస్కిన్స్ అనే షికాగో కెమిస్ట్. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక ముక్క స్పింక్స్‌కు తెగ నచ్చి, ఇందులో ఏముందో చూడమని హాస్కిన్స్‌కు ఇస్తే, ఆయన అది సుద్దే కాదు, అగ్నిపర్వత రాయి అని తేల్చాడని చెబుతారు. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, అప్పటి నుంచి ఇప్పటిదాకా అసలు సూత్రం అదే. మారుతున్నదల్లా పొడి ఎంత సన్నగా నూరారు, బైండర్ ఏది వాడారు, ఎంత గట్టిగా ఒత్తారు అన్నవే. ఎవరైనా "సరికొత్త విప్లవం" అంటే ఈ 1897ని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక స్పిన్ సంగతి. అమ్మేవాళ్లు ఎక్కువగా అమ్మేది ఈ ఆశనే. తెల్ల బంతికి ఎంత స్పిన్ వస్తుందన్నది ప్రధానంగా మీరు బంతి మధ్య నుంచి ఎంత దూరంలో కొట్టారు, ఎంత శుభ్రంగా కొట్టారు అన్నదాని మీద ఉంటుంది. ఆ దూరానికి ఒక హద్దు ఉంది. బంతి వ్యాసార్థంలో దాదాపు సగం దాకా వెళ్లొచ్చు, దాటితే టిప్ జారుతుంది. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు కాబట్టి మధ్య నుంచి సుమారు 14 మిల్లీమీటర్లు అనుకోండి. టిప్‌కి సరిగ్గా పట్టించిన మామూలు చాక్ కూడా మిమ్మల్ని ఆ హద్దు దాకా తీసుకెళ్తుంది. ఖరీదైనదీ అక్కడికే తీసుకెళ్తుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా చేసిన డేవిడ్ ఆల్సియాటోర్, పూల్ లోకంలో అందరూ డాక్టర్ డేవ్ అనే ఆయన, రకరకాల చాక్‌లు పెట్టి పరీక్షలు చేసి చూపించింది కూడా ఇదే: తాజాగా, సరిగ్గా వేస్తే బ్రాండ్‌ను బట్టి స్పిన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాదు.

నమ్మబుద్ధి కాకపోతే మీరే చూసుకోవచ్చు. చారల బంతి ఒకటి తీసి, చార నిలువుగా మీ వైపు ఉండేలా పెట్టి, దాన్నే తెల్ల బంతి అనుకుని చార అంచు మీద కొట్టండి. ఆ అంచు దాదాపు ఆ హద్దు దగ్గరే ఉంటుంది. కొట్టాక బంతి మీద చాక్ మచ్చ ఎక్కడ పడిందో చూడండి. అంచు మీద కొట్టానని అనుకుంటాం, మచ్చ మాత్రం ఇంకా లోపలే కనిపిస్తుంది, చాలామందికి ఇదే జరుగుతుంది. "ఈ చాక్‌తో డ్రా (తెల్ల బంతి వెనక్కి తిరిగి రావడం) రావట్లేదు" అనేవాళ్లలో సగం మంది సమస్య ఆ మచ్చలోనే తెలిసిపోతుంది. దానికి కొత్త చాక్ ఏం చేస్తుంది?

మరి డబ్బు దేనికి పెడుతున్నట్టు? రెండు విషయాలకు. ఒకటి, ఒకసారి వేస్తే ఎక్కువ షాట్ల దాకా నిలుస్తుంది. రెండోది, పొడి తక్కువ రాలుతుంది. మొదటిదాన్ని అందరూ పొగుడుతారు గానీ నాకది అంత పెద్ద విషయంగా కనపడదు. ప్రతి షాట్‌కు ముందు చాక్ వేయడం ఎలాగూ చేయాల్సిన పనే, ఆ రెండు క్షణాల్లోనే కదా బల్ల చుట్టూ చూసి తర్వాతి బంతి ఏదో ఆలోచించుకునేది. నాలుగైదు షాట్లకోసారి వేస్తే చాలు అనే చాక్ మీద పడి ఆ అలవాటు పోగొట్టుకుంటే, మ్యాచ్ టెన్షన్‌లో సరిగ్గా ముఖ్యమైన బంతి దగ్గర టిప్ బోడిగా ఉంటుంది.

రెండోదే అసలు విషయం, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీరు కొట్టిన ప్రతిసారీ తెల్ల బంతి మీద ఒక చిన్న చాక్ మచ్చ మిగులుతుంది. బంతి క్లాత్ మీద దొర్లుతూ కొంత తుడుచుకుంటుంది, కొంత అలాగే ఉంటుంది. ఆ మచ్చ సరిగ్గా తెల్ల బంతికీ రంగు బంతికీ మధ్య తగిలే చోటికి వచ్చిందనుకోండి, రెండు నున్నటి బంతుల మధ్య గరుకు వచ్చి చేరినట్టే. ఆ క్షణంలో ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, రంగు బంతి అనుకున్నదానికంటే నిండుగా తగిలినట్టు వెళ్లాల్సిన కోణం తప్పి పోతుంది, పాకెట్ దవడకు కొట్టుకుని బయటికి వస్తుంది. స్నూకర్ వాళ్లు దీన్ని కిక్ అంటారు, పూల్ వాళ్లు స్కిడ్ అనో క్లింగ్ అనో అంటారు. మెల్లగా కొట్టే కట్ షాట్లలో (రంగు బంతిని ఓ పక్కగా తగిలించేవి) ఇది బాగా తెలుస్తుంది. మీ గురి తప్పు లేదు, మీ చెయ్యి తప్పు లేదు, అయినా బంతి పోయింది. అంతకంటే ఒళ్లు మండే విషయం ఈ ఆటలో ఇంకోటి లేదు.

మచ్చ ఎంత తక్కువ మిగిల్చితే కిక్ వచ్చే అవకాశం అంత తక్కువ. ఫిన్లాండ్‌లో తయారయ్యే టావోమ్ చాక్ స్నూకర్ ప్రొఫెషనల్స్‌లో అంత త్వరగా పాకడానికి కారణం ఇదే, వాళ్లేమీ ఎక్కువ స్పిన్ వస్తుందని మారలేదు. గుండ్రంగా ఉండే ఆ ముక్క టిప్ మీద పల్చటి పొర మాత్రమే వదులుతుంది. వేసుకున్నాక చూస్తే అసలు పట్టిందా లేదా అని అనుమానం వచ్చేంత పల్చగా. అలవాటు కావడానికి కొంత టైమ్ పడుతుంది, ఎందుకంటే టిప్ నిండా మందంగా నీలం కనపడితేనే మనకు ధైర్యం.

ఇక్కడ ఒక తికమక ఉంది. ప్రీమియం అనగానే అన్నీ ఒకే రకం అనుకుంటారు. కాదు. ధర ఒకేలా ఉన్నా గుణాల్లో రెండు వేర్వేరు దారులు. కొన్ని పట్టు కోసం తయారైనవి, మెత్తగా, కాస్త జిగురుగా ఉంటాయి, టిప్‌ను వదలవు. కొన్ని శుభ్రత కోసం తయారైనవి, గట్టిగా, పొడిగా ఉంటాయి. జపాన్ కామూయ్ పేరు మొదట పాకింది పట్టు వల్ల, టావోమ్ పేరు పాకింది శుభ్రత వల్ల. నా చేతికి వచ్చిన ఒక జిగురు రకం (పేరు అనవసరం) మిస్‌క్యూ అన్నమాటే లేకుండా చేసింది, నిజమే, కానీ తెల్ల బంతికి పొక్కుల్లా మచ్చలు అంటించింది, గుడ్డ పెట్టి గట్టిగా తుడిస్తే తప్ప పోలేదు. ఆట మధ్యలో మనంతట మనం బంతి ఎత్తి తుడిచే వీలు లేదు కాబట్టి మిస్‌క్యూ భయం పోయి కిక్ భయం పట్టుకుంది. ఇంకొంచెం ఎక్కువ డబ్బు పెట్టి తిప్పలు తెచ్చుకోవడం అంటే ఇదే. కాబట్టి "ప్రీమియం బాగుందా" అని అడగడం కంటే ఆ ముక్క బంతి మీద ఎంత వదులుతోంది అని అడగండి.

కొనాలనుకుంటే తెలుసుకోవాల్సిన ఇంకో సంగతి, శుభ్రమైన రకం చాక్‌ను పాత చాక్ మీద వేస్తే దాని పనితనం తెలియదు. టిప్ మీద పేరుకున్న పాత పొడిని దులిపి, తడి గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక కొత్తది వేయాలి. పాత నీలం మీదే దాన్ని రుద్దేసి "ఇందులో ఏముంది, దీనికి ఇంత రేటా" అనేవాళ్లు చాలామంది. వేసే తీరు కూడా ముఖ్యమే. ముక్కను టిప్ మీద పెట్టి స్క్రూ బిగించినట్టు గిరగిరా తిప్పితే మధ్యలో గుంట పడుతుంది, టిప్ అంచులకు సరిగ్గా పట్టదు, టిప్ కింద ఉండే తెల్లటి తొడుగు, ఫెరూల్, మాత్రం నీలమవుతుంది. మెల్లగా పక్క నుంచి పక్కకు రాస్తూ, అంచుల దాకా పట్టిందో లేదో ఒకసారి చూసుకోవాలి. స్పిన్ కొట్టేది అంచులతోనే, మధ్యతో కాదు కదా.

దీనికంటే ముందు టిప్ సంగతి చూడండి. అరిగి బల్లపరుపుగా అయిపోయిన టిప్, గట్టిపడి అద్దంలా మెరిసే టిప్, వీటికి ప్రపంచంలో ఏ చాక్ వేసినా నిలవదు. గుండ్రంగా ఆకారం తీసి, పైన కాస్త గరుకు చేస్తే డబ్బా చాక్ కూడా చక్కగా పట్టుకుంటుంది. టిప్ బాగు చేసే చిన్న సాధనం ఖరీదైన చాక్ కంటే చవకే, పైగా దాని ఫలితం మొదటి షాట్ నుంచే కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను, చాక్ డబ్బుతో టిప్ మార్పించుకోండి. బ్రేక్ క్యూకి (ఆట మొదట బంతులను చెదరగొట్టే క్యూ) ఫినాలిక్ అనే గట్టి రెసిన్ టిప్ ఉంటే దాని మీద ఏ చాక్ అయినా అంతంతమాత్రంగానే నిలుస్తుంది కాబట్టి అక్కడ మంచిది వాడటం వృథా.

మన్నిక గురించి కూడా ప్రచారం చాలా ఉంది, ఒక్క ముక్క అన్నేళ్లు వస్తుంది, ఇన్నేళ్లు వస్తుంది అని. ఉండొచ్చు. చాక్ అరిగిపోయి అయిపోవడం నేను పెద్దగా చూడలేదు, పోవడమే చూశాను. క్లబ్ టేబుల్ మీద పెట్టి అటు తిరిగితే ఇంకెవరో అమాయకంగా జేబులో వేసుకుని వెళ్లిపోతారు, వాళ్లకది ఉచిత చాక్ లాగే కనపడుతుంది. అయస్కాంతంతో బెల్టుకు తగిలించుకునే హోల్డర్ ఒకటి తీసుకుంటే ఆ బెడద తగ్గుతుంది. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. వస్తువులు మర్చిపోయే అలవాటు ఉన్నవాళ్లయితే అసలు ఆ జోలికే వెళ్లకండి, నా మాట వినండి.

ఎవరికి పనికొస్తుందంటే, సొంత టేబుల్ ఉన్నవాళ్లకు ముందు. ఆ పొడిలో ఉన్నది గరుకు ఖనిజం, క్లాత్ పోగుల్లోకి దిగి అటు క్లాత్‌నూ ఇటు బంతులనూ రోజూ కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. మంచి క్లాత్, మంచి ఫినాలిక్ బంతుల సెట్టు మీద పెట్టిన డబ్బు ముందు ఒక చాక్ ముక్క ధర ఏపాటి? ఇంట్లో టేబుల్ ఉండి ఇంకా పొడి రాలే చాక్ వాడుతున్నవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే. తర్వాత, మ్యాచ్‌లు ఆడేవాళ్లకు. ఒక్క కిక్ వల్ల ఫ్రేమ్ (మ్యాచ్‌లో ఒక ఆట) పోయిన బాధ తెలిసినవాళ్లకు ఈ ఖర్చు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ ఒక మెలిక, ఎదుటివాడు పొడి రాల్చే చాక్ వాడుతుంటే బంతి ఇద్దరికీ ఒకటే, వాడి మచ్చ మీ షాట్‌లో తగులుతుంది. పబ్లిక్ టేబుళ్ల మీద, బంతులు కడిగి ఎన్నాళ్లయిందో తెలియని చోట, మీ ఒక్కరి చాక్ శుభ్రంగా ఉండటం వల్ల వచ్చే తేడా చాలా తక్కువ. అలాంటి చోట ఆట మొదలుపెట్టే ముందు బంతులను ఒక శుభ్రమైన గుడ్డతో తుడిస్తే ఏ చాక్ ఇవ్వలేనంత తేడా వస్తుంది, దానికి ఖర్చేమీ లేదు.

వారానికో రెండు వారాలకో ఒకసారి సరదాగా ఆడేవాళ్లకు అమెరికన్ బ్రాండ్ మాస్టర్ లాంటి పాత డబ్బా చాక్ చాలు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. దశాబ్దాలుగా ప్రొఫెషనల్స్ కూడా దానితోనే టైటిళ్లు గెలిచారు. చేతులకు నీలం అంటుతుంది, ప్యాంటుకు అంటుతుంది, సరే.

నా సంచిలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. మ్యాచ్‌కు శుభ్రమైన రకం, ప్రాక్టీస్‌కు, బ్రేక్ క్యూకి డబ్బా రకం. ఈ రెంటి మధ్య మాటిమాటికీ మారుస్తుంటే టిప్ తుడవడం ఒక పని అవుతుంది, అందుకని ప్రాక్టీస్‌కు వేరే క్యూ వాడుతున్నాను, ఒకే క్యూ ఉన్నవాళ్లు ఏదో ఒకటే పెట్టుకోవడం మేలు. ఇంకో చిన్న మాట, ఏది కొన్నా రంగు మాత్రం మీరు ఎక్కువగా ఆడే టేబుల్ క్లాత్‌కు దగ్గరగా ఉండేది తీసుకోండి, ఆకుపచ్చ క్లాత్ మీద నీలం పొడి ఎంత కొంచెం రాలినా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. బల్ల అంచు మీద పెట్టేటప్పుడు చాక్ ఉన్న వైపు పైకి ఉంచండి.