మోకాలికి ఏ తాడు మేలు?

టప్పుమన్న శబ్దం కబడ్డీ కోర్టు బయట నిలబడిన నాకూ వినిపించింది. రెయిడ్‌కు వెళ్లిన మా అక్క కొడుకు గీత వైపు తిరగబోయాడు. ఒళ్లు తిరిగింది, పాదం మాత్రం నేలకు అంటుకుపోయింది. సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయలా వాచింది. అదే నెలలో మా వీధి బండల మేస్త్రి ఎర్రగుంట్ల నుంచి వస్తూ బైకు మీద నుంచి జారిపడ్డాడు. ఇద్దరి ఎమ్మారై రిపోర్టులోనూ ఒకే మాట: ఏసీఎల్, అంటే మోకాలి కీలు లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కట్టి ఉంచే లిగమెంటు, పూర్తిగా తెగింది. పాతికేళ్లుగా పిల్లల చేత పరుగులు పెట్టిస్తున్న వ్యాయామ ఉపాధ్యాయుడికి మోకాళ్ల సంగతి తెలియకపోతుందా అని కడపలో మా పేటవాళ్ల నమ్మకం. ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు.

అక్క అత్తగారు పుత్తూరు కట్టు కట్టిస్తే చాలన్నారు. విరిగిన ఎముక సంగతి వేరు. ఈ లిగమెంటు కీలు లోపల ద్రవంలో మునిగి ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు కాబట్టి చాలామందిలో అది అతుక్కోదు. తిరుగుళ్లూ గెంతుళ్లూ లేని బతుకైతే వ్యాయామంతోనే నెట్టుకురావచ్చు. కానీ వీళ్లిద్దరికీ మెట్లు దిగుతుంటేనే మోకాలు పక్కకు జారిపోతోంది. ఆపరేషన్ చేసి, తెగినదాని చోట ఇంకో తాడు వేయక తప్పదన్నారు డాక్టర్లు. ఇక మిగిలిన ప్రశ్న, కొత్త తాడు ఎక్కడి నుంచి తీయాలని.

ఊళ్లో అందరూ దీన్ని ‘నరం తీసి వేయడం’ అంటారు. అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు. మోకాటిచిప్ప కింది స్నాయువులో నడిమి భాగాన్ని, సుమారు పది మిల్లీమీటర్ల వెడల్పున, రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో సహా కోసి తీయడం ఒక పద్ధతి. తొడ వెనక నుంచి ఒకటి రెండు సన్నటి స్నాయువులు తీసి, పలుపును మడిచినట్టు నాలుగు పేటలు చేసి వేయడం రెండో పద్ధతి. చిప్ప పైభాగం నుంచి, చీలమండ పక్క నుంచి తీసేవాళ్లూ ఉన్నారు. చనిపోయిన దాతల స్నాయువు కుర్రవాళ్లలో మళ్లీ తెగే అవకాశం ఎక్కువ. మా వాళ్ల ముందున్నవి మొదటి రెండే.

మేనల్లుడు ఫోనులో చదివి లెక్కలతో వచ్చాడు. పుట్టుకతో వచ్చిన ఏసీఎల్ సుమారు 2,160 న్యూటన్ల లాగుడుకు తెగుతుంది, చిప్ప స్నాయువు దాదాపు 2,980 వరకు ఆగుతుంది, నాలుగు పేటల తొడ స్నాయువు 4,000 దాటుతుంది. “మరి తొడదే గట్టిది కదా మామా?” అన్నాడు. లెక్క తప్పు కాదు. అయితే అది ప్రయోగశాల బల్ల మీద, ఒంట్లో పెట్టకముందు చూసిన బలం. ఒంట్లో పెట్టాక కథ వేరు.

కేసీ కాలువ కింద వరి నాటినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. నారు పీకి నాటగానే పచ్చగానే ఉంటుంది. తర్వాత పసుపెక్కుతుంది, వాలిపోతుంది. మూన తిరిగాకే పైరు మనదవుతుంది. స్నాయువును దాని చోటు నుంచి తీయగానే రక్తసరఫరా ఆగి అందులోని కణాలు చాలావరకు చనిపోతాయి. మిగిలేది పీచు చట్రం. చుట్టూ ఉన్న పొర నుంచి కొత్త రక్తనాళాలు అందులోకి పాకుతాయి, కొత్త కణాలు చేరి పాత పీచును విప్పి మళ్లీ నేస్తాయి. ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. చిక్కేమిటంటే, సరిగ్గా అప్పుడే వాపు తగ్గి నొప్పి పోయి, మనిషికి మోకాలు బాగైపోయిందనిపిస్తుంది. నేత పని ఏడాది దాటి కూడా సాగుతుంది. అప్పటికీ అది అచ్చంగా పాత లిగమెంటు అయిపోదు.

చిప్ప స్నాయువుకు ఒక సౌకర్యం ఉంది. దాని చివర్లలోని ఎముక ముక్కలు, తొలిచిన రంధ్రంలో ఎముకకు ఎముకగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటాయి. తొడ స్నాయువు ఎముకను పట్టుకోవాలంటే మధ్యలో కొత్త పీచు పుట్టాలి, దానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అది కూడా రంధ్రం లోపలి మాటే. కీలు మధ్యలో వేలాడే భాగానికి రెండు పద్ధతుల్లోనూ అదే నారు కథ. చిప్పదైతే తొందరగా ఆటకు దిగవచ్చని చెప్పేవాళ్లు ఈ సంగతి మింగేస్తారు.

ఇక తీసిన చోటి బాధ. చిప్ప స్నాయువు తీస్తే మోకాలి ముందు భాగంలో నొప్పి, ముఖ్యంగా మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు, కొందరిలో ఏళ్ల తరబడి ఉంటుంది. తొడ ముందు కండరం చిక్కిపోయి తిరిగి రావడానికి మొరాయిస్తుంది. తొడ వెనకది తీస్తే మోకాలు బాగా మడిచి లాగే బలం కొంత తగ్గుతుంది, ఉరుకుతుంటే అక్కడ పట్టేస్తుంది. చిన్న విడ్డూరం కూడా ఉంది: తీసేసిన తొడ స్నాయువు చాలామందిలో ఏడాది రెండేళ్లలో కొంతవరకు తిరిగి పెరుగుతుంది. వైద్యులు దీన్ని బల్లి తోకతో పోలుస్తారు. ఆ మాట విని మేస్త్రి పడీ పడీ నవ్వాడు.

మేస్త్రి విషయంలో నాకు సందేహమే లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోకాళ్ల మీద పాకుతూ కడప బండలు పరిచే మనిషి. పైగా అయిదు పూటలా నమాజు. ఆయనకు చిప్ప దగ్గర కోత పెట్టించడం రోజూ కూర్చునే పీటకు మేకు కొట్టడమే. తొడ వెనకదే మేలన్నాను, డాక్టరుగారిదీ అదే మాట. బీడీ మానమని కూడా చెప్పాం, పొగ ఈ అతుకును ఆలస్యం చేస్తుంది.

కుర్రవాడికి పందొమ్మిదేళ్లు, కబడ్డీలో రెయిడర్. ఆ వయసు ఆటగాళ్లలో తొడ స్నాయువు మళ్లీ తెగడం కొంచెం ఎక్కువ, తేడా పెద్దది కాకపోయినా. సన్నటి ఒళ్లు కాబట్టి నాలుగు పేటలు వేసినా ఎనిమిది మిల్లీమీటర్ల లావు వస్తుందో రాదోనని డాక్టరుగారు అనుమానించారు. రెయిడర్‌కు వెనక్కి ఉరికే తొడ బలం కూడా కావాలి. చిప్పదే వేయించాం. మెట్లు ఎక్కుతూ ఇప్పటికీ మొహం చిట్లిస్తాడు. ఆ నొప్పికి ఒప్పుకునే వెళ్లాడు.

ఏ తాడు వేశారన్నదానికంటే ఎప్పుడు కోర్టులోకి దిగాడన్నదే పెద్ద ప్రశ్నని నేననుకుంటాను. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, తొమ్మిది నెలల దాకా ఆటను ఆపుకున్న ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. ఆ పైన రెండు తొడల బలం కొలిచి, ఆపరేషన్ అయిన కాలు రెండో కాలిలో తొంభై శాతమైనా ఉండాలంటారు.

ఆపరేషన్లు జూన్‌లో అయ్యాయి. సంక్రాంతి నాటికి ఏడు నెలలు. మేస్త్రి మా వరండాలో చివరి రెండు బండలు పరుస్తున్నాడు, మోకాలి కింద నాలుగు మడతల గోనెసంచి వేసుకుని. పండగ పోటీల జాబితా తెచ్చి మేనల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. “ఒక్క మ్యాచ్ మామా, చివరి అయిదు నిమిషాలే.” నేను వాడి చేతిలో విజిల్ పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోడకు ఆనుకుని మేస్త్రి బండను సుత్తితో తట్టడం చూస్తూ నిలబడ్డాడు.