ఉదయగిరి కోట: మళ్ళీ కట్టాలా, ఉన్నది నిలబెట్టాలా?

మొన్న నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండెక్కి దిగేటప్పుడు మా బావకీ నాకూ ఇదే గొడవ. కోటని కొత్తగా కట్టేస్తే టూరిస్టులు వస్తారు గదా అంటాడు.

కట్టడమంటే జర్మనీలోని డ్రెస్డెన్ లాగా. 1945 బాంబుదాడిలో కూలిన ఫ్రావెన్‌కిర్షె చర్చిని 2005కి మళ్ళీ లేపారు, శిథిలాల్లోంచి ఏరిన పాత రాళ్ళు నల్లగా, కొత్తవి లేత రంగులో, అతుకులేసిన చొక్కాలాగా ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. దాచలేదు చూడండి, అది నాకు నచ్చింది. కానీ వాళ్ళ దగ్గర పాత ఫొటోలు, కొలతలు ఉన్నాయి. మన ఉదయగిరిని శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్నది 1514లో; అప్పటి ప్రహరీ ఎలా ఉండేదో ఫొటో ఎక్కడిది? ఊహించి కడితే సినిమా సెట్టే.

రెండోది ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ దారి, ఉన్నది నిలబెట్టడం. 1940లో బాంబులకి కాలిన పాత కెథడ్రల్ (పెద్ద చర్చి) గోడల్ని పైకప్పు లేకుండా అలాగే ఉంచి, పక్కనే కొత్తది కట్టి 1962లో తెరిచారు. ఇదేమీ ఊరికే అయ్యే పని కాదు. కప్పులేని గోడలోకి వాననీళ్ళు దిగుతాయి. మన దగ్గరైతే ఒక్క రావిమొక్క చాలు, రాళ్ళ సందులో గుప్పెడు మట్టి దొరికితే వేళ్ళతో గోడనే విప్పేస్తుంది. సందులు పూడ్చడానికి సిమెంటు వద్దు, గానుగ సున్నమే వాడాలి. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, రాయి పొరలు పొరలుగా లేచిపోతుంది.

నా ఓటు రెండోదానికే, పడిపోయేటట్టున్న చోట మాత్రం కింద పడిన ఆ రాళ్ళనే ఎత్తి పెట్టాలి. బావ ఒప్పుకోలేదు, నాలుగు ఉదయగిరి చెక్క గరిటెలు కొనుక్కుని బస్సెక్కాడు.