చాటుకు సరే, ఎండకు కాదు: స్విచ్ గ్లాస్ కొన్నేళ్లు వాడాక

కొత్త ఫ్లాట్ చేయించుకుంటున్నవాళ్లు "మీ ఇంట్లో ఉందిగా, పెట్టించుకోవచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. స్విచ్ వేస్తే తేటపడి, ఆపితే తెల్లబడే ఈ స్విచ్ గ్లాస్ హైదరాబాద్‌లోని మా ఇంట్లో రెండుచోట్ల ఉంది. బాత్రూమ్ పార్టిషన్‌కి రెండు గాజుల మధ్య ఫిల్మ్ పెట్టిన లామినేటెడ్ గ్లాస్. పడమటి బాల్కనీ తలుపుకి, ఎదురింటివాళ్లకి కనిపించకుండా, ఉన్న గాజు మీదే అంటించిన ఫిల్మ్.

రెండూ పీడీఎల్‌సీ (పాలిమర్ డిస్పర్స్‌డ్ లిక్విడ్ క్రిస్టల్) రకమే. ప్లాస్టిక్ పొరలో సన్నటి లిక్విడ్ క్రిస్టల్ బొట్లుంటాయి. కరెంటు లేనప్పుడు తలో దిక్కు చూస్తూ వెలుతురును చెదరగొడతాయి, గాజు పాలలా తెల్లబడుతుంది. కరెంటిస్తే ఒకే వరుసకొచ్చి తేటపడుతుంది. కాబట్టి కరెంటు పోతే చాటు పోదు. మన కోతలకి ఇంతకన్నా ఏం కావాలి!

1980లలో అమెరికాలో, ముఖ్యంగా కెంట్ స్టేట్ యూనివర్సిటీలో రూపుకట్టిన పద్ధతి ఇది. 2011లో సర్వీసులోకొచ్చిన బోయింగ్ 787 విమానంలో బటన్ నొక్కితే ముదిరే కిటికీ చూసినవాళ్లు ఇదీ అదే అనుకుంటారు. అది ఎలక్ట్రోక్రోమిక్, అంటే కరెంటిస్తే రంగు మారే రకం, వంశమే వేరు. విద్యుత్తుతో టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొర నీలంగా మారడాన్ని శాస్త్రవేత్త సత్యేన్ దేబ్ 1969లోనే చూపించాడు. ఎలక్ట్రోక్రోమిక్ పద్ధతి 1980ల చివర్లో కార్లలో వెనక చూసే అద్దాలకొచ్చి, ఆ తర్వాత విమానమెక్కింది. ఆ రకం మెల్లగా ముదురుతుంది గానీ వెలుతురును నిజంగా అడ్డుకుంటుంది. మా ఇంట్లోది రెప్పపాటులో మారుతుంది, వెలుతురును మాత్రం ఆపదు. "ఎండ కూడా తగ్గుతుంది సార్" అని షాపులో అంటే నమ్మకండి. మే నెల మధ్యాహ్నం మా బాల్కనీ తలుపు తెల్లగా ఉన్నా గదిలో వేడికి చెప్పుకోదగ్గ తేడా లేదు. పరదా అలాగే ఉంది.

బాత్రూమ్ గాజుకి ఇన్నేళ్లలో ఏ రోగమూ రాలేదు. తేటగా ఉన్నప్పుడు ఎదురుగా చూస్తే మామూలు గాజే, పక్కనుంచి చూస్తే కాస్త మంచు పట్టినట్టుంటుంది. తెల్లగా ఉన్నా గాజుకి ఆనుకుని నిలబడితే ఆకారం తెలిసిపోతుంది. అతిథులు వచ్చే ఇంట్లో ఇది ముందే చెప్పుకోవాలి. కరెంటు ఖర్చు లెక్కలోకే రాదు, చదరపు మీటరుకి కొన్ని వాట్లు.

ఫిల్మ్ కథ వేరు. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా కింది అంచుకి నీళ్లు తగిలి, మూలలో బొటనవేలంత మచ్చ పడింది. స్విచ్ వేసినా అక్కడ తేటపడదు, ఏటా కాస్త పాకుతోంది. బిగించినవాళ్లు "అంచులు వారంటీలో రావు" అన్నారు, బిల్లులో మాత్రం ఆ మాట లేదు. డబ్బు తక్కువని ఫిల్మ్‌కి వెళ్లేవాళ్లు తడి తగలని మీటింగ్ రూమ్‌లాంటి చోట్లకే వెళ్లండి.

ఇంకొకటి, ఈ గాజుకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్. రాత్రి నిశ్శబ్దంలో సన్నగా గుయ్‌మంటుంది. మా ఎలక్ట్రీషియన్ దాన్ని ఫాల్స్ సీలింగ్ పైన పడేసి వెళ్లాడు. అది కాలిపోయినప్పుడు జిప్సం షీటు కోయాల్సి వచ్చింది. కొత్తదాన్ని స్విచ్‌బోర్డు పక్కనే, చేతికందేలా పెట్టించాం.